వంశవృక్షంలో చోటు దొరకని తల్లులు
బార్కస్ అరబ్బుల చరిత్ర రచనపై ఒక పరిశీలన

హైదరాబాదులో మలక్‌పేట దాటిన తరువాత ఆస్మాన్‌గఢ్ గుట్టమీద రేమండ్ సమాధి ఉంది. నిజాం అలీఖాన్ కొలువులో ఫ్రెంచి పద్ధతిన శిక్షణ పొందిన దళాలకు నాయకత్వం వహించిన ఈ సేనాని 1798 మార్చిలో మరణించాడు. అదే సంవత్సరం అక్టోబరులో ఆంగ్లేయులు ఆ దళాలను నిరాయుధం చేసి, ఫ్రెంచి అధికారులను దేశం దాటించారు. రేమండ్‌కు స్మారకస్తంభం మిగిలింది. మూసారాంబాగ్ అన్న పేటపేరులో అతని పేరు రూపు మార్చుకొని నిలిచింది. కాని అతని సంతతి అని చెప్పుకొనే వీధి ఏదీ నగరంలో లేదు.

అక్కడినుండి దక్షిణంగా చాంద్రాయణగుట్ట వైపు వెళ్తే బార్కస్ వస్తుంది. ఇక్కడి పరిస్థితి దీనికి పూర్తిగా విరుద్ధం. 'బ్యారక్స్' అన్న ఆంగ్లపదం ప్రజల నోట నలిగి 'బార్కస్' అయింది. నిజాం ప్రభువుల కొలువులో పనిచేసిన అరబ్బు సైనికుల సంతతివారు తరతరాలుగా అక్కడ నివసిస్తున్నారు. వీరిని నగరవాసులు 'చావుష్'లని పిలుస్తారు. పేరుకు ముందు 'బిన్' అనో 'బా' అనో చేర్చుకొనే ఈ కుటుంబాల పూర్వీకులు నేటి యెమెన్ దేశపు దక్షిణభాగంలోని హద్రమౌత్ ప్రాంతంనుండి వచ్చారు. స్మారకస్తంభం లేని వీరికి మనుషులు మాత్రం మిగిలారు. ఆ మనుషుల పూర్వీకులను అన్వేషించిన గ్రంథాలు గడిచిన మూడు దశాబ్దాలలో కొన్ని వెలువడ్డాయి. వాటి గుణదోషాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దీనికి ఒక వ్యక్తిగత కారణం కూడా ఉంది. దానిని మొదటే చెప్పడం న్యాయం. 2009లో నేనొక రెవెన్యూ కార్యాలయంలో పనిచేస్తుండగా ఒక పాస్‌పోర్టు విచారణ నివేదికకోసం నా బల్లమీదికి వచ్చింది. దరఖాస్తుదారు బార్కస్‌లో 1985లో పుట్టిన యువకుడు. అతని తాతగారి పాత కాగితమొకదానిలో 'అరబ్' అని రాసి ఉన్నందున కింది ఉద్యోగి ఆక్షేపణ తెలిపాడు. యువకునికి బదులు అతని నాయనమ్మ వచ్చింది. ఆమె వెంట తెచ్చిన సంచిలో గుడ్డలో చుట్టిన ఒక నసబ్‌నామా, అంటే వంశావళిపత్రం ఉంది. అందులో పదకొండు పేర్లున్నాయి. ఫలానా వానికి ఫలానా వాడు కొడుకు అంటూ హద్రమౌత్‌లోని ఒక లోయదాకా వెళ్లింది ఆ జాబితా. పదకొండూ పురుషుల పేర్లే. "మరి మీ వైపు వారెక్కడివారమ్మా?" అని అడిగాను. "మా నానీది పాలమూరు దిక్కు ఒక పల్లె, బేటా. కాగితంల రాస్తరా ఆడోళ్ల పేర్లు?" అని ఆమె తెలుగులోనే జవాబిచ్చింది.

నేను ఆ సంచికను 'పితామహుని జాతీయత సందిగ్ధం' అన్న వ్యాఖ్యతో పై అధికారికి పంపించాను. నిజానికి 1950 జనవరి 26 తరువాత, 1987 జూలై 1కి ముందు ఈ దేశంలో పుట్టినవాడు పుట్టుకచేతనే పౌరుడు. తాత ఎవరైనదీ చట్టానికి అక్కరలేదు. చరిత్రలో స్నాతకోత్తర పట్టా పుచ్చుకున్న నేను చట్టం చూడలేదు, కాగితంలోని తండ్రుల వరుసను చూశాను. వ్యవహారం తేలడానికి నెలలు పట్టింది. ఆ యువకునికి గల్ఫులో దొరికిన ఉద్యోగం ఈలోగా పోయింది. అప్పటినుండి ఈ విషయమై దొరికిన ప్రతి గ్రంథాన్నీ ఒకే ప్రశ్నతో చదువుతున్నాను. పాలమూరు దిక్కు నానీ ఇందులో ఎక్కడుంది?

గ్రంథాల ప్రస్తావనకు ముందు చరిత్రను కొంత చెప్పుకోవాలి. అరబ్బు సైనికులు దక్కనుకు ఒక్కసారిగా వచ్చినవారు కారు. 18వ శతాబ్దపు ఉత్తరార్ధంలో మరాఠా సంస్థానాలలోనూ, గుజరాతులోనూ, హైదరాబాదులోనూ వారు జీతానికి కుదిరారు. కోటల కాపలాకు వారంతటివారు లేరని పేరు. 1817లో నాగపూరులో, 1818లో మాలేగాంలో కంపెనీ సైన్యాలను ఎదిరించి నిలిచినవారు వీరే. మరాఠా యుద్ధం ముగిసి పేష్వా అధికారం అంతరించిన తరువాత కొలువు పోయిన అరబ్బులలో అనేకులు నిజాం రాజ్యంలోకి వచ్చి చేరారు. చందూలాల్ మంత్రిత్వ కాలంలో ఖజానా వట్టిపోగా, అరబ్బు జమేదార్లు సైనికులకు నాయకులుగానే కాక ప్రభుత్వానికి అప్పిచ్చే సాహుకార్లుగా కూడా ఎదిగారు. బాకీకింద తాలూకాల రాబడి వారి చేతికి పోయింది. తెలంగాణ పల్లెలలో రోహిల్లా, అరబ్బు అన్న మాటలు గుమ్మంలో కూర్చొని బాకీ వసూలు చేసేవారికి పర్యాయపదాలైన కాలమది. 1853లో దివాన్ పదవి స్వీకరించిన మొదటి సాలార్ జంగు ఆ తాలూకాలను విడిపించి, అరబ్బులను అదుపులోకి తేవడానికి చాలా శ్రమించవలసి వచ్చింది. ఈ చేదును దాచిపెట్టి బార్కస్ చరిత్రను రాయడం ఎవరికీ మేలు చేయదు.

ఈ జమేదార్ల సంపాదన సముద్రం దాటి వెళ్లి అక్కడ రాజ్యాలను నిలబెట్టింది. హైదరాబాదు జమేదారు ఉమర్ బిన్ అవద్ అల్ ఖుఆయితీ కుమారులు దక్కను ధనంతో షిబామ్, షిహ్ర్ పట్టణాలను, 1881లో ముకల్లా రేవును వశం చేసుకొని సుల్తానులయ్యారు. వారి ప్రత్యర్థి ఘాలిబ్ బిన్ ముహ్సిన్ అల్ కథీరీ కూడా హైదరాబాదులో సంపాదించినవాడే. ఇద్దరు నిజాం సేవకులు తమ పగను హద్రమౌత్ లోయలో తీర్చుకున్నారన్నమాట. ముకల్లాలోని సుల్తాను ప్రాసాదంలో భారతీయ వాస్తుఛాయలు కనిపించడానికి కారణమిదే. ఖుఆయితీ సుల్తానుల పాలన 1967 వరకు సాగింది.

ఇంతటి కథను చెప్పిన రచనలలో మొదట పేర్కొనదగినది ఉమర్ ఖాలిదీ వ్యాసం. హిందూ మహాసముద్ర తీరాలలోని హద్రమీలపై ఉల్‌రికె ఫ్రైటాగ్, విలియం క్లారెన్స్-స్మిత్ సంపాదకత్వంలో 1997లో వెలువడిన సంకలనంలో ఇది చేరింది. 2010లో కీర్తిశేషులైన ఖాలిదీ హైదరాబాదు గడ్డమీద పుట్టినవారు. ఉర్దూ ఆకరాలు ఎరిగినవారు. అమెరికాలో ఉండి కూడా దక్కను చరిత్రనే శ్వాసించినవారు. విదేశీ పండితులు పక్కన పెట్టిన స్థానిక రచనలను ఆయన ఆదరంతో ఉపయోగించుకున్నారు. చెదురుగా ఉన్న సమాచారాన్ని ఒకచోట చేర్చిన ఘనత ఆయనదే. అయితే ఆయన దృష్టి జమేదారు గుమ్మం దాటి సామాన్య సిపాయి ఇంటిలోకి వెళ్లదు. బిరుదులు, జాగీర్లు, దర్బారు మర్యాదలు వివరంగా తెలుస్తాయి. అరబ్బులు ఇక్కడి స్త్రీలను పెండ్లాడారన్న సంగతి మాత్రం వాతావరణ సూచనవలె ఒక వాక్యంలో వచ్చి పోతుంది. ఓడ దిగిన సిపాయికి భార్య లేదు. మరి రెండవ తరం ఎక్కడనుండి వచ్చింది? రాజుల చరిత్ర కాక జనుల చరిత్ర కావాలని సురవరం ప్రతాపరెడ్డిగారు తెలుగులో నొక్కి చెప్పి ఏడు దశాబ్దాలు దాటింది. ఆ కొలతతో చూస్తే ఖాలిదీ వ్యాసం జమేదార్ల చరిత్ర.

దీనికి పూర్తిగా భిన్నమైన గ్రంథం ఎంగ్‌సెంగ్ హో 2006లో ప్రచురించిన 'ది గ్రేవ్స్ ఆఫ్ తరీమ్'. తరీమ్ పట్టణపు సమాధులనుండి బయలుదేరి, ప్రవక్త వంశీయులైన సయ్యదులు సముద్రతీరాల పొడవునా ఎలా వ్యాపించారో, వంశావళి గ్రంథాలు వారిని ఒక్కటిగా ఎలా కట్టి ఉంచాయో ఆయన వివరిస్తారు. ఇటీవలి కాలంలో ఇంత ఆలోచింపజేసిన చరిత్ర గ్రంథం నేను చదవలేదు. ప్రయాణించినవారు పురుషులు, ఆగినచోట పెండ్లాడినవారు స్థానిక స్త్రీలు, పుట్టినవారు 'మువల్లద్'లు అని స్పష్టంగా చెప్పి, ఆ మిశ్రమ సంతతిని కథకు కేంద్రంలోకి తెచ్చినవారు హో. అంతవరకు నా ప్రశ్నకు ఆయన దగ్గర కొంత జవాబు దొరికింది.

అయితే ఆయన సూత్రాన్ని బార్కస్‌కు యథాతథంగా అన్వయించడం పొరపాటవుతుంది. సయ్యదులకు గ్రంథాలున్నాయి, గ్రంథాలు రాసే పండితులున్నారు. నిజాం కొలువుకు వచ్చినవారిలో అధికులు యాఫిఈ, కథీరీ వంటి తెగలకు చెందిన ఆయుధధారులు. వారి వంశావళి గుడ్డలో చుట్టిన ఒక కాగితం, లేదా ముసలివారి నోటిమాట. గ్రంథం లేని చోట వంశం దేనిమీద నిలుస్తుంది? జీతపు చిట్టామీద, జమేదారు పేరుమీద, ఆ తరువాత పేటమీద నిలుస్తుంది. అనగా బార్కస్‌వాసికి 'నేనెవరు' అన్న ప్రశ్నకు జవాబిచ్చినది తరీమ్ సమాధికంటే హైదరాబాదు దఫ్తరమే. హో గ్రంథంలోని ప్రతిభను మెచ్చుకుంటూనే, అది పండితుల ప్రవాసాన్ని సిపాయిల ప్రవాసానికి నమూనాగా చూపే ప్రమాదం ఉందని చెప్పక తప్పదు. మన విశ్వవిద్యాలయాలలో ఇటీవల 'ప్రవాస అధ్యయనం' పేరుతో వస్తున్న కొన్ని సిద్ధాంతవ్యాసాలు ఆ పొరపాటే చేస్తున్నాయి.

అబాబు మిందా యిమెనె 2004లో హైదరాబాదు సిద్దీలపై ప్రచురించిన గ్రంథాన్ని ఇక్కడ చెప్పడం అప్రస్తుతం కాదు. మాసబ్‌ట్యాంకు సమీపంలోని ఏ.సి. గార్డ్స్ పేరులో ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ అనే అశ్వదళం దాగి ఉంది. ఆ దళానికి మూలపురుషులను వనపర్తి రాజా నిజాముకు సమర్పించాడని ప్రతీతి. స్వయంగా ఇథియోపియా దేశీయుడైన రచయిత ఆ పేటలో తిరిగి, జీవించి ఉన్నవారి మాటలనుండి గతంవైపు నడిచారు. ఆఫ్రికాలోని ఊరిపేరే మిగలని జనానికి వంశవృక్షం గీయడం సాధ్యం కాదు. అందువల్ల పాటను, మర్ఫా వాద్యాన్ని, ఇంటి ఆచారాన్ని ఆధారాలుగా తీసుకోవలసి వచ్చింది. గ్రంథం కొన్నిచోట్ల తొందరగా సాగినా, లేమి నేర్పిన ఈ పద్ధతి అరబ్బుల చరిత్రకారులకు కూడా అవసరమని నా అభిప్రాయం. వంశావళి ఉండటం ఒక్కొక్కసారి అన్వేషణను ఆపివేస్తుంది. పదకొండు పేర్లు చేతిలో ఉన్నప్పుడు పన్నెండవదానికోసం అడిగేవారుండరు.

ఇక్కడ ఒక చిన్న మాట. బార్కస్ హరీస్‌ను రుచి చూసిన పాఠకులు ఈ పత్రికకు తక్కువేమీ ఉండరు. గోధుమ, మాంసం కలిపి నూరిన ఆ అరబ్బు వంటకం హలీమ్‌గా మారి నగరమంతటా వ్యాపించేటప్పటికి దానిలో మన మసాలా దినుసులన్నీ చేరాయి. హరీస్‌ను తెచ్చిన అరబ్బు పెద్దల పేర్లు అందరూ చెబుతారు. మసాలా చేర్చిన చేతులు ఎవరివో చెప్పేవారు లేరు.

1948 సెప్టెంబరు 13నుండి 17 వరకు జరిగిన సైనికచర్యతో నిజాం పాలన ముగిసింది. అరబ్బు సిపాయిలకు కొలువు పోయింది. వారు నిర్బంధంలో ఉండగా, వారిని ఏడెన్‌కు తిప్పి పంపాలన్న ఆలోచన ప్రభుత్వానికి కలిగింది. కొందరు వెళ్లారు, ఎందరో ఉండిపోయారు. ఈ ఘట్టాన్ని దస్త్రాల ఆధారంగా పరిశీలించినది టేలర్ షెర్మన్. 2011లో వచ్చిన ఆమె వ్యాసం, 2015లో కేంబ్రిడ్జి ప్రచురించిన ఆమె గ్రంథం రెండూ ప్రభుత్వోద్యోగులు తప్పక చదువవలసినవి. పౌరసత్వం ఆనాటికి సిద్ధంగా ఉన్న వస్తువు కాదనీ, ఎవరు మనవారు, ఎవరు పరాయివారు అన్నది అధికారులు ఉత్తర ప్రత్యుత్తరాల నడుమ తడబడుతూ నిర్ణయించుకున్నదేననీ ఆమె నిరూపించారు. దస్త్రంలోని వ్యాఖ్యల వెనుక ఉన్న సంకోచాన్ని పట్టుకోవడంలో ఆమె నేర్పు అసాధారణం. నావంటి వానికి ఆ పుటలు చదువుతుంటే మొహం దాచుకోవాలనిపించింది.

కాని షెర్మన్ కూడా దస్త్రం గీసిన గీత లోపలే ఉండిపోయారు. దస్త్రం 'అరబ్బు' అన్నప్పుడు ఆమె దానిని ప్రశ్నిస్తారు. దస్త్రం ప్రస్తావించని ఇల్లాలిని వెతకరు. ఆమె గ్రంథం ఇంకొక్క అడుగు వేయవలసిన చోటు ఇదే. హైదరాబాదులో పుట్టిన తల్లికి పుట్టిన సిపాయి బిడ్డ ఏ దేశస్థుడు? అరబ్బు ఆచారంలో వంశం తండ్రిది. తల్లి ఎవరైనా బిడ్డ హద్రమీయే. కాని 1949 నవంబరు 26ననే అమలులోకి వచ్చిన మన రాజ్యాంగం 5వ అధికరణం వేరే మాట చెప్పింది. ఈ దేశంలో స్థిరనివాసం ఉన్నవాడు ఇక్కడ పుట్టి ఉన్నా, తల్లిదండ్రులలో ఎవరైనా ఒకరు ఇక్కడ పుట్టి ఉన్నా, అంతకుముందు కనీసం ఐదేళ్లు సాధారణంగా ఇక్కడ నివసించి ఉన్నా పౌరుడే. 'తల్లిదండ్రులలో ఎవరైనా' అన్న ఆ మాటతో పాలమూరు దిక్కు నానీ మొదటిసారిగా తన కూతురికీ, మనుమరాలికీ దేశాన్ని ఇవ్వగల శక్తిని పొందింది. నసబ్‌నామా ఇవ్వని స్థానాన్ని రాజ్యాంగం ఇచ్చింది. ఈ సంగతిని ఇంతవరకు ఏ గ్రంథమూ గట్టిగా చెప్పినట్లు నాకు కనబడలేదు.

దానికి కొనసాగింపు అంత సంతోషకరం కాదు. 1955 పౌరసత్వ చట్టం దేశం వెలుపల పుట్టినవారి విషయంలో తండ్రి పౌరుడై ఉండాలని నియమించింది. తల్లి భారతీయురాలైతే చాలన్న సవరణ 1992లో మాత్రమే వచ్చింది. తిప్పి పంపబడిన సిపాయివెంట ఓడెక్కిన హైదరాబాదు స్త్రీ ఒకతె ఉన్నదనుకుందాం. 1950 తరువాత ఏడెన్‌లోనో ముకల్లాలోనో ఆమెకు పుట్టిన బిడ్డకు తల్లి దేశం నలభై రెండేళ్లపాటు పరాయిదే. పైగా 1948-49లో హద్రమౌత్‌ను కరవు పీడించింది. హైదరాబాదునుండి అందే సొమ్ము ఆగిన సమయమే అది. సొంత దేశమని పంపినచోట వారికి ఎదురైనది కరవు. తండ్రి వంశం ఇల్లు చూపవచ్చు, అన్నం పెడుతుందన్న హామీ లేదు.

తల్లులకు ఆధారాలు లేవనే సమాధానం సాధారణంగా వినబడుతుంది. దీనిని నేను అంగీకరించను. తార్నాకలోని రాష్ట్ర పురావస్తు పత్రాగారంలో మొగలు కాలపు 'అర్జ్-ఓ-చెహ్రా' కాగితాలున్నాయి. షాజహాను, ఔరంగజేబు కాలాలలో దక్కనులో సిపాయిని కొలువులోకి తీసుకునేటప్పుడు అతని పేరు, తండ్రి పేరు, ముఖంమీది మచ్చలు, గుర్రం రంగు, గుర్రానికి వేసిన ముద్ర అన్నీ రాసుకున్నారు. గుర్రపు ఆనవాళ్లు రాసినవారు సిపాయి భార్య పేరు రాయలేదన్నది నిజం. సైనిక దస్త్రం స్వభావమే అది. అక్కడ వెతికి, లేదనడం బావిలో వెతికి చెట్టుమీది పండు లేదన్నట్లుంటుంది. స్త్రీల పేర్లు వేరేచోట ఉన్నాయి. ఖాజీలు నిర్వహించే సియాహా పుస్తకాలలో, అంటే నికాహ్ నమోదులో, వధువు పేరు, ఆమె తండ్రి పేరు, మహర్ మొత్తం ఉంటాయి. సిపాయి మరణిస్తే అతని వితంతువు పెట్టుకున్న అర్జీ ఉంటుంది. వారసత్వ వ్యాజ్యాలలో భార్యకు ఎనిమిదవ వంతు, కూతురికి కొడుకులో సగం అని లెక్కకట్టిన తీర్పులుంటాయి. ముస్లిం వారసత్వ నియమం స్త్రీని లెక్కలోకి తీసుకుంటుంది గనుక, ఆస్తి ఉన్నచోటెల్లా ఆమె పేరు రాక తప్పదు. నగర శివారులలోని భూములకు 1954-55 నాటి ఖాస్రా పహాణీలున్నాయి. రెవెన్యూ శాఖలో పనిచేసినవారికి ఆ పుస్తకాల విలువ చెప్పనక్కరలేదు.

గల్ఫు ఉద్యోగాలు తెరుచుకున్న 1970ల తరువాత బార్కస్‌లో వంశావళికి గిరాకీ పెరిగింది. తెగపేరు తెలిస్తే అక్కడ బంధువు దొరుకుతాడు, బంధువు దొరికితే పని దొరుకుతుంది. దీనిని తప్పు పట్టవలసిన పనిలేదు, పొట్టకోసం పూర్వీకులను వెతకడం గౌరవం తక్కువ పనేమీ కాదు. అయితే గిరాకీ ఉన్నది తండ్రి వైపు కాగితానికే కావడంవల్ల ఆ ఒక్క వైపే బలపడింది. 2014 తరువాత యెమెన్ అంతర్యుద్ధంలో చిక్కుకొన్నప్పటినుండి ఆ వైపు దారి కూడా ఇరుకైంది.

ఆ నాయనమ్మను నేను మళ్లీ కలవలేదు. సంచిక ముగిసే వేళకు నాకు బదిలీ అయింది. కాని ఆమె పుట్టింటివారి నికాహ్ నమోదైన సియాహా కోసం గత రెండేళ్లుగా తీరిక ఉన్నప్పుడు వెతుకుతున్నాను. కొన్ని పుస్తకాలు చెదలు తిన్నాయి. మిగిలినవాటిలో అనేకం శికస్తా లిపిలో, అక్షరాలు ఒకదానిలో ఒకటి కలిసిపోయిన గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. మా కార్యాలయంలో ఆ లిపి చదవగలిగిన చివరి ఉద్యోగి పదవీ విరమణ చేసి నాలుగేళ్లయింది. ఆదివారాలు ఆయన ఇంటికి ఛాయాప్రతులు తీసుకొని వెళ్తున్నాను.